మావయ్య తిప్పిన యాంటెనా

మొన్న మా ఎదురింటి డాబా మీద సెల్ టవరుకున్న పాత యాంటెనాలు విప్పి కొత్తవి బిగించారు. నందిగామలో ఇదేం వింత కాదు. ఎక్కడ తలెత్తినా ఏదో ఒక డాబా మీద ఇనుప స్తంభం కనిపిస్తూనే ఉంటుంది. అయినా నేను కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో నిలబడి, పొద్దున్న పనంతా పక్కన పెట్టి, ఆ పాత యాంటెనాలకి తాళ్ళు కట్టి కిందికి దించడం చూస్తూ ఉండిపోయాను. మనిషెత్తు పలకలు అవి. ఒకప్పుడు తెల్లగా ఉండేవి, ఎండకీ వానకీ పాలిపోయి పచ్చబడ్డాయి. వాటిని గోడకి ఆనించి నిలబెడుతుంటే మా మావయ్య గుర్తొచ్చాడు.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. పోయినవాళ్ళ గురించి రాస్తే గొప్పగా రాయాలంటారు. మా మావయ్యలో చెప్పుకోదగ్గ గొప్పలేం లేవు. ఉన్నదల్లా మొహమాటం. ఎంత మొహమాటమంటే, తన మొహమాటం మీద తనకే కోపం వచ్చినా దాన్ని పైకి చూపించడానికి మొహమాటపడేవాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే సిగ్గేస్తుంది. ఆ సిగ్గు ఇన్నాళ్ళూ ఆయనదే అనుకున్నాను. మొన్నటితో అది మా ఇంటిది కూడా అయింది.

మా అమ్మకి ఆయన ఒక్కడే అన్నయ్య. జగ్గయ్యపేటలో పచారీ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆపైన డాబా. మేము పెనుగంచిప్రోలులో ఉండేవాళ్ళం. అక్కడ మా నాన్నకి ఎరువులు, విత్తనాల కొట్టు ఉండేది. రెండూళ్ళ మధ్యా ఆటోలు తిరుగుతూనే ఉంటాయి గనక నా చిన్నప్పటి సెలవులన్నీ మావయ్య కొట్లో బెల్లం దిమ్మల పక్కనే గడిచాయి.

వ్యాపారం చేసే మా ఇళ్ళల్లో 'లేదు' అనే మాట పలకరు. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. కొట్లో సరుకు అయిపోతే రేపొస్తుందంటారు. మిగతావాళ్ళు ఆ పద్ధతిని గల్లాపెట్టె దగ్గరే వదిలేసి ఇంటికి వెళ్ళేవాళ్ళు. మావయ్య దాన్ని ఒంటికి పట్టించుకున్నాడు. ఎవరు ఏం అడిగినా ముందు కళ్ళజోడు తీసి, కండువా కొసతో అద్దాలు తుడుచుకునేవాడు. ఎంతసేపు తుడిస్తే లోపల అంత గింజుకుంటున్నాడన్నమాట. చివరికి జోడు పెట్టుకుని, "దాందేవుందండీ," అనేవాడు. ఆ మాట వినపడగానే వంటింట్లో మా అత్తయ్య చేతిలోంచి ఏదో ఒక గిన్నె కింద పడేది. అది జారి పడేది కాదని వీధంతటికీ తెలుసు.

ఒకసారి పక్కింటివాళ్ళు తిరుపతి వెళ్తూ తమ చిలకని మావయ్యకి అప్పగించి వెళ్ళారు. తిరిగొచ్చి ప్రసాదం ఇచ్చారు గానీ చిలకని మాత్రం తీసుకెళ్ళలేదు. వాళ్ళని అడగడానికి ఆయనకి నోరు రాలేదు. ఆ చిలక రోజూ ఆయన వేలు కొరికేది. గుడ్డ చుట్టుకున్న వేలితోనే పొట్లాలు కట్టేవాడు.

"అడగొచ్చుగా మావయ్యా?" అన్నాను ఓసారి.

"వాళ్ళే అడుగుతార్లేవే కోడలా. మనం అడిగితే బరువనుకుంటారు," అన్నాడు.

చివరికి ఆ చిలక ఆయన కొట్లోనే పోయింది. అందుకు పక్కింటావిడ ఆయన్ని నాలుగు మాటలంది. ఆయన క్షమాపణ చెప్పుకున్నాడు.

తొంభైలలో ఆ వీధిలో పెద్ద టీవీ ఉన్నది మావయ్య ఇంట్లోనే. ఆదివారం సాయంత్రం సినిమాకి వీధి వీధంతా వచ్చి హాల్లో చాపల మీద కూర్చునేది. డాబా మీద పొడవాటి పైపుకి అల్యూమినియం యాంటెనా కట్టి ఉండేది. గాలి వచ్చినా, కాకి వాలినా బొమ్మ చెదిరిపోయేది. వెంటనే అందరూ మావయ్య వంక చూసేవాళ్ళు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూనే మెట్లెక్కేవాడు.

"వచ్చిందా?" అని పైనుంచి అరిచేవాడు.

"రాలా!"

"ఇప్పుడూ?"

"బొమ్మొచ్చింది, మాట పోయింది!"

"ఇప్పుడూ?"

సెలవులకి మేం వెళ్ళినప్పుడు మెట్ల మీద నిలబడి జవాబు చెప్పే పని మా అమ్మది. "వచ్చిందన్నయ్యా, కదలకు!" అని అరిచేది. కదలకు అంటే ఆయన నిజంగానే కదిలేవాడు కాదు. చెయ్యి పైపు మీద ఉన్నంతసేపే బొమ్మ నిలకడగా ఉండేది, తీస్తే తెర మీద మళ్ళీ చీమలు పాకేవి. అందుకని పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. కింద జనం నవ్వుతూ, ఏడుస్తూ, మా అత్తయ్య ఇచ్చిన మరమరాలు తింటూ సినిమా చూసేవాళ్ళు. ఆయన్ని దిగమని ఎవరికీ తోచేది కాదు. మా అమ్మే కాసేపటికి, "ఇక దిగన్నయ్యా, పోతే పోయింది వెధవ బొమ్మ," అని కేకేసేది. ఆవిడ కేకేస్తే తప్ప దిగేవాడు కాదు.

"సినిమా ఎట్లా ఉంది మావయ్యా?" అని అడిగితే, "పాటలు బావున్నాయమ్మా, పైకి వినపడ్డాయి," అనేవాడు.

ఇది చెప్పి నవ్వుకుంటాం గానీ, జరిగిన తప్పుకి మూలం ఇక్కడే ఉంది. యాంటెనా అంటే అడిగినవాళ్ళ కోసం ఎక్కి తిప్పేది అని ఆయన మనసులో ఆ రోజుల్లోనే పడిపోయింది.

రెండువేల సంవత్సరం దాటాక ఊళ్ళోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. మావయ్య ఫోన్‌లో పెద్దవాళ్ళతో మాట్లాడాల్సొస్తే గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి నిలబడేవాడు. వేదాద్రి గుడి పంతులుగారు ఫోన్ చేస్తే చెప్పులు కూడా విడిచేవాడు. "ఆయనకేం కనపడుతుందండీ?" అని అత్తయ్య విసుక్కుంటే, "మనకి తెలుస్తుందిగా," అనేవాడు.

ఆ వీధిలో ఎత్తయిన డాబా అని ఒక ఫోన్ల కంపెనీవాళ్ళు టవరు పెట్టుకుంటామని వచ్చారు. ఆయన కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, దాందేవుందండీ అన్నాడు. వాళ్ళు స్తంభాలు పాతి మూడు పలకలు బిగించారు. ఒకటి ముక్త్యాల వైపు, ఒకటి కోదాడ రోడ్డు వైపు, ఒకటి తూర్పుకి. తూర్పున మా పెనుగంచిప్రోలు. మా ఊరికి అప్పటికింకా సొంత టవరు రాలేదు. మా ఇంట్లో కిటికీ గూట్లో ఫోన్ పెడితే సిగ్నల్ గీతలు ఒకటి రెండు కనపడేవి. ఆ గూడే మా ఫోన్ స్థానం. మాట్లాడాలన్నా కిటికీ ఊచలకి చెవి ఆనించి మాట్లాడాల్సిందే.

మావయ్య సంబరం చూడాలి. రోజూ సాయంత్రం కొట్టు సందడి తగ్గాక ఫోన్ చేసేవాడు. "చెల్లాయ్, తూర్పుది మీ ఊరిదే. మా డాబా మీంచే వస్తోంది నీ మాట. ఇదిగో, నా నెత్తి మీంచి," అనేవాడు. అమ్మ నవ్వేది. తనకంటూ ఆయన గొప్ప చెప్పుకున్నది జీవితంలో అదొక్కటే అనుకుంటాను.

ఒక ఆదివారం నేను జగ్గయ్యపేటలో ఉన్నాను. అప్పటికి నాకు నందిగామలో టీచరుద్యోగం వచ్చి ఇక్కడే కాపురం ఉంటున్నాను. ఎదురింటి బట్టల కొట్టాయన భార్యని వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళ కోడలు నీళ్ళోసుకుంది. టవర్ల కిరణాల గురించి అప్పట్లో నోటికొచ్చినట్టు చెప్పుకునేవాళ్ళు. పిచ్చుకలు పోతున్నాయని, కొబ్బరికాయలు రాలిపోతున్నాయని.

"మా కోడలు పడుకునే గదికేసి సూటిగా చూస్తోందండీ మీ పలక," అన్నాడాయన.

"అది చూడ్డం కాదండీ..." అని మావయ్య ఏదో చెప్పబోయాడు.

"చూస్తోందంటే చూస్తోందండీ. మాకు అన్నం సయించట్లా. కొంచెం పక్కకి తిప్పించండి చాలు. వేదాద్రి వైపు తిప్పితే ఎవరికి నష్టం? అక్కడ స్వామివారున్నారు, కృష్ణ ఉంది. వాళ్ళనేం చేస్తుందది?"

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలెట్టింది. మావయ్య కళ్ళజోడు తుడిచాడు, ఒకవైపు, ఇంకోవైపు, మళ్ళీ మొదటివైపు. నేనింకా ఆ తుడుపు చూస్తూనే ఉన్నట్టుంటుంది. లోపల అత్తయ్య చేతిలోంచి ఈసారి గిన్నె కాదు, బిందె పడ్డట్టుంది. అంత చప్పుడైంది.

"దాందేవుందండీ," అన్నాడు మావయ్య.

టవరు చూసుకునే మనిషిది ఖమ్మం వైపు పల్లెటూరు. బ్యాటరీలు, జనరేటరు చూడ్డానికి వచ్చినప్పుడల్లా మావయ్య ఇంట్లోనే భోజనం. వద్దన్నా ఊరుకునేవాడు కాదు మావయ్య. ఆ వారం అతనొచ్చినప్పుడు విస్తరి వేశాకనే ఈ మాట ఎత్తాడట. తర్వాత అత్తయ్య ఎన్నోసార్లు చెప్పింది నాకు ఆ సంగతి.

"గట్ల తిప్పొద్దు సార్. ఆఫీసోళ్ళు లెక్కగట్టి పెట్టిన్రు," అన్నాడట అతను.

"కొంచెమే నాయనా. ఆ పిల్ల పురుడు కాగానే మళ్ళీ యథాప్రకారం పెట్టేద్దాం."

"తెలిస్తే నా నౌకరి పోతది సార్."

మావయ్య అత్తయ్యని పిలిచి, అతనికి ఇంకాస్త గోంగూర వెయ్యమన్నాడు. అతను విస్తరి వంక చూశాడు, మావయ్య వంక చూశాడు. "మీ ఇంట్ల ఇన్నిసార్లు తిన్న సార్. ఏమనాలె నేను?" అని చెయ్యి కడుక్కుని, పానా పట్టుకుని పైకెక్కాడు. ఒకరి మొహమాటం ఇంకొకరికి అంటుకుని అలా ఆ బోల్టులు ఊడాయి. తూర్పు పలక వేదాద్రి వైపు తిరిగింది. మావయ్య కింద నిలబడి, అవసరం లేకపోయినా, పైపు పట్టుకున్నాడట.

ఆ తర్వాత మా ఊళ్ళో సిగ్నల్ సన్నగిల్లిందని అనుకునేవాళ్ళు. అప్పట్లో అదేం పెద్ద విషయం కాదు. వస్తే వచ్చేది, పోతే పోయేది. ఎవరింటికైనా వెళ్ళలేకపోయినా, ఎవరికైనా జవాబు ఇవ్వడం ఇష్టం లేకపోయినా సిగ్నల్ లేదు అంటే సరిపోయేది.

శ్రావణ శుక్రవారం నాడు మా నాన్నకి పక్షవాతం వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి లేస్తూ చెయ్యి బరువుగా ఉందన్నాడట. దీపాలు పెట్టే వేళకి పక్కింటివాళ్ళు వాయనానికి వచ్చి, మూతి వంకరపోయిందని చూసి, కేకలు పెట్టి, ఆటోలో జగ్గయ్యపేట తీసుకెళ్ళారు. అక్కడి ఆసుపత్రివాళ్ళు కారెక్కించి విజయవాడ పంపించారు. దారిలోంచి ఫోన్ చేస్తే నేను నందిగామలో రోడ్డు మీద కాచుకుని వాళ్ళ కారెక్కాను. కబురు తెలిసి మావయ్య శ్రావణ శుక్రవారం పూట కొట్టు వదిలేసి, చొక్కా గుండీలు కూడా సరిగ్గా పెట్టుకోకుండా ఆసుపత్రికి వచ్చాడు.

"మధ్యాహ్నమే ఫోన్ చెయ్యలేదేం చెల్లాయ్? కారేసుకుని వచ్చేవాణ్ణిగా!"

"చేశా అన్నయ్యా," అంది అమ్మ. "ఎన్నిసార్లు చేసినా కలవలా. సిగ్నల్ లేదు."

మావయ్య అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాడు. కళ్ళజోడు తీశాడు. తుడవలేదు. చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కాస్త ముందు తీసుకొస్తే బావుండేదని డాక్టరు అంటున్నప్పుడు కూడా తలెత్తలేదు. నాకు ఆ ఆదివారం, ఏడుస్తున్న ఎదురింటావిడ గుర్తొచ్చాయి. మావయ్య వంక చూడలేకపోయాను.

మర్నాడు ఆయన జగ్గయ్యపేట వెళ్ళి, ఖమ్మం మనిషిని పిలిపించి పలకని ఎప్పటిలా తూర్పుకి తిప్పించాడు. ఎదురింటాయన రోడ్డు మీదికొచ్చి నిలబడి, "పురుడైందాకా అన్నారుగా! పెద్దమనిషి మాటేనా ఇది?" అని అరిచాడట. వీధంతా బయటికొచ్చి చూసింది. మావయ్య కళ్ళజోడు ముట్టుకోలేదు.

"కుదరదండీ," అన్నాడు.

అత్తయ్య ఆ మాట విని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిందట. పెళ్ళయ్యాక ఆయన నోట కుదరదన్న మాట వినడం అదే మొదటిసారి. సంతోషించాల్సింది పోయి భయమేసిందే అంది నాతో. ఆ తర్వాత ఎదురింటి కోడలికి పండంటి పిల్ల పుట్టింది. బారసాలకి మావయ్యని పిలవలేదు. ఆయనే వెళ్ళి పిల్ల చేతిలో వెండి గిన్నె పెట్టి వచ్చాడు.

నాన్న ఇంటికొచ్చిన వారం మావయ్య మా ఊరొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "చెల్లాయ్, ఆ తూర్పు యాంటెనా నేనే తిప్పించా. నువ్వు ఫోన్ చేసినప్పుడు కలవకపోవడానికి..." అని మొదలెట్టాడు. అమ్మ మొహం సున్నం కొట్టినట్టయింది. ఆయన మాట పూర్తికానివ్వలేదు.

"ఆ మాట ఎత్తకన్నయ్యా. నా మీద ఒట్టు. ఇంకెప్పుడూ ఎత్తకు," అంది.

ఎంత పెద్ద మనసో అనుకున్నాం అందరం. బంధువులంతా చెప్పుకున్నారు. మొగుడికి అంత జరిగినా అన్నని ఒక్క మాట అనలేదని, చెల్లెలంటే అలా ఉండాలని. నేను కూడా స్టాఫ్ రూములో మా అమ్మ గురించి గొప్పగా చెప్పాను.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మావయ్య పెనుగంచిప్రోలు రావడం మొదలైంది. ఆటో దిగి, సంచి మెట్టు మీద పెట్టి, నాన్నకి గడ్డం గీసేవాడు. వేడినీళ్ళలో గుడ్డ ముంచి మొహం తుడిచేవాడు. పడిపోయిన చేతికి నూనె రాసి, ఒక్కొక్క వేలూ సాగదీసేవాడు. నాన్నకి మాట తడబడేది గానీ హాస్యం పోలేదు. "బావా, క్షవరం పని బాగా కుదిరింది నీకు, కొట్టు మూసెయ్," అని ముద్దముద్దగా అనేవాడు. మావయ్య నవ్వేవాడు, కానీ ఆ చేతి వంక చూసేవాడు కాదు. ఎక్కడో చూస్తూనే నూనె రాసేవాడు. పని అయ్యాక మళ్ళీ మెట్టు మీదే కూర్చునేవాడు. మా ఇంట్లో కుర్చీలో కూర్చోగా నేనాయన్ని మళ్ళీ చూడలేదు. నాన్న పోయాక కూడా వచ్చేవాడు, అమ్మకి మందులు తెచ్చి ఆ మెట్టు మీదే పెట్టేవాడు.

ఓసారి మా తోటి టీచరు తమ్ముడు, సెల్ కంపెనీలో ఇంజనీరు, జగ్గయ్యపేట వైపు పని మీద వెళ్తే మావయ్యకి పరిచయం చేశాను. "కాస్త పక్కకి తిరిగినంత మాత్రాన పూర్తిగా పోదండీ. తగ్గుతుందంతే. కలిసినా కలిసి ఉండొచ్చు," అన్నాడతను. మావయ్య శ్రద్ధగా విన్నాడు. అతను వెళ్ళాక నాతో, "పాపం, నా మొహం చూసి అన్నాడమ్మా. ఎదుటిమనిషి బాధపడతాడని అలా అంటారు. నాకు తెలీదూ?" అన్నాడు. తన రోగమే లోకమంతటికీ ఉందనుకునేవాడు.

చివరి రోజుల్లో అమ్మని జగ్గయ్యపేట తీసుకెళ్ళాను. అమ్మ అప్పటికి నందిగామలో నా దగ్గరే ఉంటోంది. మావయ్య మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. అమ్మని చూసి లేవబోయాడు, చేతకాలేదు. రెండు చేతులూ దుప్పట్లోంచి బయటికి తీసి అమ్మకి దణ్ణం పెట్టాడు. అన్న చెల్లెలికి దణ్ణం పెట్టడమేమిటి! అత్తయ్య అయ్యయ్యో అంది. అమ్మ గబుక్కున ఆ చేతులు విడదీసి, తన గుండెకి అదుముకుని, నోరంతా కొంగుతో మూసుకుంది. నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆ వారంలోనే పోయాడు.

ఇక మొన్నటి సంగతి. కొత్త యాంటెనాలు బిగిస్తుంటే అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అవి పాతవాటిలా పొడుగ్గా లేవు, పొట్టిగా పెట్టెల్లా ఉన్నాయి. కింద వ్యాను దగ్గర నిలబడ్డ ఇంజనీరుని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. మా వరండాలో సిగ్నల్ సరిగ్గా ఉండదని నేనంటే, అయిపోయాక కేకేస్తాను, చూసి చెప్పండి అని పైకెళ్ళాడు. నేను వరండాలోకి తిరిగొచ్చి అమ్మకి ఆ వివరం చెప్పాను.

"లోపల చిన్న చిన్నవి చాలా ఉంటాయటమ్మా. ఎవరు ఫోన్ చేస్తే వాళ్ళ వైపు మాటని అదే సర్ది పంపిస్తుందట. మనిషి నడుస్తుంటే వెంబడే వస్తుందట."

"అయితే ఎవరూ ఎక్కి తిప్పక్కర్లా?"

"అక్కర్లా. ఉన్నచోటే ఉంటుంది."

"ఎవరు చేస్తే వాళ్ళ వైపా?"

"ఆఁ."

"చెయ్యకపోతే?"

నాకు నవ్వొచ్చింది. "చెయ్యకపోతే దానికెట్లా తెలుస్తుందమ్మా?"

అమ్మ చేతిలో చిక్కుడుకాయ పళ్ళెంలో పెట్టేసింది. "నేను చెయ్యలేదే," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ శుక్రవారం. నేను అన్నయ్యకి ఫోన్ చెయ్యలేదు. అంతకుముందు వారమే మీ నాన్నకి గుండెల్లో మంటంటే హడిలిపోయి ఫోన్ చేశా. కొట్టు మూసి పరిగెత్తుకొచ్చాడు. తీరా చూస్తే గ్యాసు. అందరూ నవ్వారు. మళ్ళీ శ్రావణ శుక్రవారం పూట, కొట్టు కిటకిటలాడే వేళ, చెయ్యి బరువుగా ఉందిటని పిలవడానికి మొహమాటమేసింది. సోడా తాగించి పడుకోమన్నా. చూద్దాం చూద్దాం అనుకుంటూ సాయంత్రం దాకా గడిపేశా."

"మరి సిగ్నల్ లేదన్నావుగా?"

"ఆసుపత్రిలో అందరి ముందూ ఫోన్ చెయ్యలేదేం అన్నాడు. ఏమని చెప్పను? మొహమాటపడ్డానని చెప్పనా, అక్కడ మనిషి అలా పడి ఉంటే? అందరూ అనే మాటే నోటికొచ్చేసింది. యాంటెనా సంగతి నాకప్పుడు తెలీదే. అన్నయ్యొచ్చి మెట్టు మీద కూర్చుని చెప్పిన రోజు తెలిసింది. అప్పుడు చెప్పాల్సింది. నోరు పెగల్లేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం చెబుదామనుకునేదాన్ని. వాడు మీ నాన్నకి గడ్డం గీస్తుంటే చూసి, వచ్చేవారం అనుకునేదాన్ని. మంచం మీంచి నాకు దణ్ణం పెట్టాడు. చేతులైతే విడదీశాను గానీ, అప్పుడు కూడా చెప్పలా."

అమ్మ ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. తన మీద ఎవరో చెయ్యి చేసుకున్నట్టు తలొంచుకుని కూర్చుంది. స్టాఫ్ రూములో నేను చెప్పిన గొప్పలు, బంధువుల పొగడ్తలు, మా మెట్టు మీద ఎండలో కూర్చున్న ఆ మనిషి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. ఎందుకిలా చేశావని అమ్మని అడగాలనిపించింది. ఆ వయసు మనిషిని ఆ మాట అడగడానికి నాకు నోరు రాలేదు. అదీ మా వంశం.

ఎదుటి డాబా మీంచి ఇంజనీరు నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"అమ్మా, ఫోన్ చూడండి! వచ్చిందా?"

ఫోన్ చిక్కుడుకాయల పళ్ళెం పక్కనే ఉంది. గీతలన్నీ నిండుగా ఉన్నాయి. "వచ్చిందా?" అని మళ్ళీ అరిచాడతను, స్తంభం మీద చెయ్యేసి నిలబడి.

అమ్మ ఫోన్ వంక చూడలేదు. తలెత్తి ఆ డాబా వంకే చూసింది. పక్కనున్న నాకు తప్ప ఇంకెవరికీ వినపడనంత మెల్లగా జవాబు చెప్పింది.

"వచ్చిందన్నయ్యా. ఇక దిగు."